కాగితం వెనకవైపు ఓటు

నువ్వడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు లేదు శ్రావణీ. అబార్షన్ మీద ప్రపోజల్ బ్యాలెట్‌లో పెడితే, దాన్ని బలపరిచే పార్టీకి కలిసొస్తుందా రాదా? కలిసొచ్చిన చోటూ ఉంది, రాని చోటూ ఉంది. ఈ మిషిగన్‌లోనే నేను రెండూ చూశాను. చెప్తాను గానీ 1972 నుంచి మొదలెట్టాలి, మధ్యలో లేచి వెళ్ళకూడదు. బన్నీ, ఆ మొద్దు కాస్త మంటలోకి జరుపు నాయనా. ఆ దుప్పటి చెల్లికి కప్పు.

1972 కన్నా ముందు సంగతి ఒకటుంది. అది చెప్పకపోతే ఈ విషయమంటే నాకెందుకంత పట్టుదలో మీకు తెలీదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువయ్యాక హౌస్ సర్జన్సీ చేస్తున్న రోజులవి. అప్పటికి మన దేశంలో అబార్షన్ నేరం. 1860లో ఇంగ్లీషువాళ్ళు రాసిన శిక్షాస్మృతి, సెక్షన్ 312. తల్లి ప్రాణం కాపాడ్డానికి తప్ప కడుపు తీస్తే తీసినవాళ్ళకీ జైలే, తీయించుకున్నామెకీ జైలే. అయితే మాత్రం ఆడవాళ్ళు మానేశారా? మంత్రసాని దగ్గరికి పోయేవాళ్ళు. ఆవిడ జిల్లేడు పుల్ల పెట్టేది.

ఒక రాత్రి ఎడ్లబండి మీద ఒక పిల్లని తెచ్చారు. పిల్ల అనే అంటాను, నాకన్నా చిన్నది. అప్పటికే ఇద్దరు బిడ్డలు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నోరు తెరవమంటే తెరవలేకపోతోంది, దవడ బిగుసుకుపోయింది. పుల్లతోపాటు ధనుర్వాతం లోపలికెళ్ళింది. దీపం వెలుగు పడితే చాలు, వెన్ను విల్లులా వంగిపోయేది. అందుకని కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి గదిలో పడుకోబెట్టాం. వాళ్ళమ్మ బయట వరండాలో కూచుని వచ్చేపోయే ప్రతి డాక్టరు కాళ్ళకీ దణ్ణం పెట్టేది. పోలీసులకి చెప్పకండమ్మా అని. బిడ్డ బతుకుతుందా అని అడగలేదర్రా, పోలీసులకి చెప్పకండి అని అడిగింది. ఆ పిల్ల దక్కలేదు. ఆ వార్డులో అలాంటి కేసులు ఇంకా చూశాను గానీ ఆ తల్లి మాట మాత్రం నన్ను వదల్లేదు.

తర్వాత శాంతిలాల్ షా కమిటీ నివేదిక మీద 1971లో పార్లమెంటు కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌ని అనుమతిస్తూ చట్టం చేసింది. 1972 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. దానిమీద మన దేశంలో జనం ఓటెయ్యలేదు, ఊరేగింపులూ పెద్దగా లేవు. ఢిల్లీలో చేశారు, అయిపోయింది. ఆ ఎండాకాలంలోనే నేనూ మీ తాతయ్యా డెట్రాయిట్‌లో దిగాం. ఆయనకి కార్ల కంపెనీలో ఉద్యోగం, నాకు జూలై నుంచి రెసిడెన్సీ. అమెరికా అన్నిటా మనకన్నా ముందుంటుందనుకుని వస్తే, ఇక్కడ మిషిగన్‌లో 1931 నాటి చట్టం నడుస్తోంది. అదీ సెక్షన్ 312 లాంటిదే. డబ్బున్నవాళ్ళు విమానమెక్కి న్యూయార్క్ వెళ్ళొచ్చేవాళ్ళు, అక్కడ 1970 నుంచీ చట్టం మారింది. లేనివాళ్ళు మళ్ళీ నా వార్డుకే వచ్చేవాళ్ళు. ఊరు మారింది, భాష మారింది, ఆ జ్వరం మాత్రం అదే.

ఆ నవంబర్‌లో నేను మొదటిసారి ఈ ప్రపోజల్ అనేదాన్ని చూశాను. ప్రపోజల్ బి అన్నారు దాన్ని. 20 వారాల లోపైతే డాక్టరు చేత అబార్షన్ చేయించుకోవచ్చు, సరేనా కాదా చెప్పమని జనాన్నే అడిగారు. నాకు ఆశ్చర్యమేసింది. చట్టం చెయ్యడమంటే ఎమ్మెల్యేలూ ఎంపీలూ చేసే పనని కదా మనకి తెలిసింది! ఇక్కడేమో ఊళ్ళో వాళ్ళంతా సంతకాలు పెట్టి ఒక ప్రశ్నని బ్యాలెట్ మీదకి ఎక్కించుకోవచ్చు. ఎవర్ని ఎన్నుకుంటారో పైన, ఈ ప్రశ్నకి జవాబు కింద. గవర్నర్‌కి ఇష్టం ఉన్నా లేకపోయినా, గెలిస్తే అది చట్టమే.

ముందు సర్వేలు ప్రపోజల్ బి గెలుస్తుందనే చెప్పాయి. చివరి వారాల్లో మొత్తం తలకిందులైంది. చర్చిల దగ్గర, ఇళ్ళ గుమ్మాల దగ్గర పిండాల ఫోటోలున్న కరపత్రాలు పంచారు. మా పక్కింట్లో ఒకావిడ ఉండేది. పోలండ్ నుంచొచ్చిన కుటుంబం, గట్టి క్యాథలిక్కు, భర్త కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆవిడే మా తలుపు కిందనుంచి ఆ కరపత్రం తోసింది. మర్నాడు కేకు చేసి తెచ్చిచ్చింది కూడా. మంచి మనిషి. నమ్మింది గనక పంచింది. ఆవిణ్ణి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది ఈ కథలోకి.

ఓట్లు లెక్కపెడితే నూటికి 61 మంది వద్దన్నారు. అదే రోజు నార్త్ డకోటాలోనూ అడిగితే అక్కడ ముప్పావు వంతు పైగా వద్దన్నారు. రెండేళ్ళ ముందు వాషింగ్టన్ రాష్ట్రంలో మాత్రం 56 శాతం మంది సరేనన్నారు. అక్కడ కూడా భర్తతో కాపురం ఉంటున్న ఆడది అతని అనుమతి తీసుకోవాలనే మెలిక ఒకటి పెట్టారు. ఇక్కడి ఫలితం చూసి మా హాస్పిటల్లో నర్సులు కొందరు ఏడ్చారు. రెండున్నర నెలలు తిరిగాయో లేదో, 1973 జనవరి 22న సుప్రీంకోర్టు రో తీర్పు ఇచ్చింది, అబార్షన్ హక్కు దేశమంతటా ఉందని. జనం వద్దన్న రాష్ట్రంలోనే హక్కు వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఒక్క మాట ఆగి వినండి, మిగతాదంతా దీనిమీదే ఆధారపడుంది. ప్రపోజల్ అనేసరికి మనిషి మనసు ఎటు మొగ్గుతుందో తెలుసా? అనుమానం ఉంటే ఉన్నదాన్ని ఉండనియ్యమనే వైపు. 1972లో ఉన్నది నిషేధం. కొత్తగా వచ్చేది హక్కు. అంచేత తటపటాయించిన వాళ్ళంతా కొత్తదాన్ని కాదన్నారు. ఆ తర్వాత యాభై ఏళ్ళు గడిచాయి. ఉన్నది హక్కయింది, కొత్తగా వచ్చేది నిషేధమైంది. అదే తటపటాయింపు ఇప్పుడు అటునుంచి ఇటు తిరిగింది. టీవీల్లో పార్టీల గురించీ డబ్బు గురించీ గంటలు గంటలు మాట్లాడతారు గానీ, ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

రో తీర్పు ఉన్నన్నాళ్ళూ కూడా ఈ ఓట్లు ఆగలేదు. ఇక్కడే 1988లో ప్రపోజల్ ఎ పెట్టారు, పేదవాళ్ళ అబార్షన్లకి ప్రభుత్వం డబ్బివ్వకూడదని. అప్పటికి నాకు పౌరసత్వం వచ్చింది, వెళ్ళి వద్దని ఓటేశాను. గెలిచింది మాత్రం ప్రభుత్వం డబ్బివ్వద్దన్న వాళ్ళే. హక్కు పోదు, పోయేది బీదవాళ్ళ డబ్బే కదా అనుకున్నారు జనం. అదే సౌత్ డకోటాలో 2006లో దాదాపు పూర్తి నిషేధం పెడితే ఓడించారు, 2008లో మళ్ళీ పెడితే మళ్ళీ ఓడించారు. రిపబ్లికన్లకి కంచుకోట అది! మిసిసిపీలో 2011లో ఫలదీకరణ జరిగిన క్షణం నుంచే పిండం మనిషితో సమానమని రాజ్యాంగంలో రాస్తామన్నారు. నూటికి 58 మంది కాదన్నారు. లూసియానాలో 2020లో మా రాజ్యాంగంలో అబార్షన్ హక్కు లేదు అని రాసుకున్నప్పుడు మాత్రం 62 శాతం సరేనన్నారు. ఎందుకంటారా? రో ఉంది కదా, రాసుకుంటే రాసుకున్నాం, మర్నాడు మారేదేముంది అని. ఏమీ జరగదనుకున్నప్పుడు వేసే ఓటు వేరు, మన ఇంట్లో జరుగుతుందనుకున్నప్పుడు వేసే ఓటు వేరు.

బన్నీ, నీకు మన నెల్లూరు కథ తెలుసా? దూబగుంట రోశమ్మ కథ? 1992లో నెల్లూరు జిల్లా పల్లెటూరి ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. చదువు నేర్చుకోడానికని రాత్రిబడికి వచ్చినవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. మరి వాళ్ళకి ఇలాంటి ప్రపోజల్ లేదే! మద్యం కావాలా వద్దా అని వాళ్ళని విడిగా అడిగినవాళ్ళు లేరు. వాళ్ళకున్న దారల్లా నిషేధం పెడతానన్న మనిషికి ఓటెయ్యడమే. 1994లో ఎన్టీఆర్ గారికి వేశారు. తెలుగుదేశం ఒక్కటే 216 సీట్లు గెలిచింది, కాంగ్రెస్‌కి 26 మిగిలాయి. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఆ ఆడవాళ్ళని మళ్ళీ ఎవరైనా అడిగారా? లేదు. ఎందుకంటే వాళ్ళ కోరిక ఒక నాయకుడి భుజమ్మీద ఎక్కి వచ్చింది, ఆ నాయకుడితోనే దిగిపోయింది. ఇక్కడ ప్రపోజల్ అలా కాదు. నాయకుడితో పనిలేకుండా వస్తుంది. అందుకే దానికి బలమెక్కువ. అందుకే అది ఏ నాయకుణ్ణీ గట్టెక్కిస్తుందనే నమ్మకమూ లేదు. శ్రావణీ, నువ్వడిగినదానికి సగం జవాబు ఇదే.

మిగతా సగం 2022లో ఉంది. ఆ మే నెలలో రోని కొట్టేసే సుప్రీంకోర్టు తీర్పు ముసాయిదా పేపర్లకెక్కింది, జూన్ 24న డాబ్స్ తీర్పు వచ్చి రో పోయింది. మన మిషిగన్‌లో ఆ 1931 చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, తొంభై ఏళ్ళుగా అలా పుస్తకంలో పడుంది. లేచి కూర్చునేదే, ఒక కోర్టు స్టే ఆపింది. నేను రిటైరై ఇంట్లో ఉన్నాను. ఆ రోజు మీ తాతయ్య ఫోటో ముందు కూచుని చాలాసేపు ఆ వరండాలో తల్లినే తలుచుకున్నాను.

ముందు జవాబు చెప్పింది కాన్సాస్. ట్రంప్‌కి 2020లో దాదాపు 15 శాతం ఆధిక్యం ఇచ్చిన రాష్ట్రం. అక్కడ రాష్ట్ర రాజ్యాంగంలో అబార్షన్ హక్కు ఉందని వాళ్ళ సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అది లేదని రాయించాలని ఆగస్టు 2న ఓటు పెట్టారు. నవంబర్లో పెట్టకుండా ఆగస్టులో ప్రైమరీ రోజున పెట్టారు. జనం తక్కువొస్తారు, వచ్చేవాళ్ళూ ఎక్కువ మంది రిపబ్లికన్లే ఉంటారు అని లెక్క. వచ్చారు తల్లీ, తొమ్మిది లక్షల మందికి పైగా వచ్చారు! నూటికి 59 మంది వద్దన్నారు. విచిటా ఆ రాష్ట్రంలోనిదే. 1991లో వేల మంది నిరసనగా అబార్షన్ క్లినిక్ గేట్ల ముందు పడుకున్న ఊరు. 2009లో అబార్షన్లు చేసే డాక్టర్ జార్జ్ టిల్లర్‌ని ఆదివారం పూట చర్చిలో కాల్చి చంపిన ఊరు. ఆయన మాలాంటి డాక్టరే. అలాంటి రాష్ట్రం అలా జవాబిస్తుందని నేను అనుకోలేదు.

ఇక్కడ మిషిగన్‌లో హక్కుని రాజ్యాంగంలో రాయించడానికి సంతకాల పని అప్పటికే మొదలైంది. శనివారం కూరగాయల సంత దగ్గర ఇద్దరమ్మాయిలు అట్టలకి క్లిప్పులు పెట్టి నించున్నారు. కాగితం మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కళ్ళజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చదివి సంతకం పెట్టాను. 4.25 లక్షల సంతకాలు కావాలి, 7.5 లక్షలు తెచ్చిచ్చారు. మిషిగన్ చరిత్రలో ఏ ప్రపోజల్‌కీ అన్ని రాలేదు. అయినా అడ్డుపడ్డారు. ఏమని? ఆ కాగితం మీద మాటల మధ్య ఖాళీలు సరిగ్గా లేవట, అక్షరాలన్నీ అంటుకుపోయాయట. నలుగురున్న బోర్డులో ఇద్దరు డెమోక్రాట్లూ ఇద్దరు రిపబ్లికన్లూ, రెండుకి రెండు వచ్చి బ్యాలెట్‌కి ఎక్కకుండా పోయింది. ఏడున్నర లక్షల మంది చదివి సంతకం పెట్టినదాన్ని, మాటల మధ్య జాగా చాల్లేదని కొట్టేశారు! రాష్ట్ర సుప్రీంకోర్టు సెప్టెంబర్లో ఎక్కించమని ఆదేశించాక ప్రపోజల్ 3 అయింది.

ఇప్పుడు ఆ పక్కింటావిడ. మా ఇద్దరికీ జుట్టు తెల్లబడింది, ఇద్దరి భర్తలూ పోయారు. ఆ వేసవిలో ఒక సాయంత్రం కంచె దగ్గరికొచ్చి నించుంది. టెక్సాస్‌లో ఉన్న మనవరాలికి నాలుగో నెల దాటాక ఉమ్మనీరు పోయిందట. బిడ్డ బతకదని అందరికీ తెలుసు. అయినా గుండె కొట్టుకుంటోంది గనక ముట్టుకోలేమన్నారట, జ్వరం వచ్చేదాకా ఆగమన్నారట. “డాక్టరువి గదా, జ్వరం వస్తే ఏమవుతుంది?” అని నన్నడిగింది. నేనేం చెప్తాను? సవిత గురించి చెప్పాను. సవిత హలప్పనవర్, మన పక్క రాష్ట్రం కర్ణాటక పిల్ల, పళ్ళ డాక్టరు. 2012 అక్టోబర్లో ఐర్లండ్‌లోని గాల్వేలో 17 వారాల కడుపుతో అదే జరిగింది. తీసెయ్యమని వాళ్ళే అడిగారు. గుండె చప్పుడు ఉంది, కుదరదన్నారు. ఒంటినిండా విషం పాకి అక్టోబర్ 28న చనిపోయింది, 31 ఏళ్ళు. 1983లో 67 శాతం మంది ఓటేసి నిషేధాన్ని రాజ్యాంగంలో రాసుకున్న దేశం అది. 2018 మేలో మళ్ళీ ఓటు పెడితే 66 శాతం మంది దాన్ని తీసెయ్యమన్నారు. ఆ రోజు డబ్లిన్‌లో గోడ మీద సవిత బొమ్మ చుట్టూ జనం చీటీలు అంటించారు, క్షమించమ్మా అని. ఇదంతా ఆవిడ కదలకుండా వింది. మనవరాలు దక్కింది, అది వేరే అదృష్టం.

నవంబర్లో ఓటేసి వచ్చాక ఆవిడే చెప్పింది. గవర్నర్ పదవికి, డెమోక్రాట్ గవర్నర్ విట్మర్ మీద నిలబడ్డ రిపబ్లికన్ టూడర్ డిక్సన్‌కి వేసిందట. కాగితం తిప్పి ప్రపోజల్ 3కి ఎస్ అని వేసిందట. “ఆ విట్మర్ అంటే నాకు పడదు. అలాగని నా మనవరాలి గదిలో పోలీసెందుకు?” అంది. 1972లో నా తలుపు కింద కరపత్రం తోసిన చెయ్యే! మీరు చూసే ఉంటారు కదా మన బ్యాలెట్ కాగితం. పైన పార్టీ పేరు పక్కన సున్నా నింపితే ఆ పార్టీ వాళ్ళందరికీ ఒక్కసారే ఓటు పడిపోతుంది. ప్రపోజల్స్ మాత్రం దాంట్లో రావు. చివర్లో ఉంటాయి, విడిగా నింపాలి. ఒకే పెన్నుతో ఒకే కాగితం మీద ఒకే మనిషి రెండు మనసులు చెప్పొచ్చు. డిక్సన్ కూడా ప్రచారంలో ఇదే మాట అంది, అబార్షన్ విషయంలో మీ ఓటు మీరు వేసుకోండి, గవర్నర్ ఓటు నాకు వెయ్యండి అన్నట్టు.

అందరూ అలా విడదియ్యలేదు మరి. ఆ రాత్రి ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ పిల్లలు అప్పటికప్పుడు పేరు నమోదు చేయించుకుని ఓటెయ్యడానికి గంటలు గంటలు నించున్నారు. మీ పెద్దక్క అందులో ఉంది. చలికి ముడుచుకుపోయి ఫోన్ చేసింది, ఇంటికొచ్చెయ్యనా అమ్మమ్మా అని. లైను వదలొద్దని చెప్పాను. రాత్రి పన్నెండు దాటాక కూడా ఓట్లు పడుతూనే ఉన్నాయి. వాళ్ళని రప్పించింది ప్రపోజల్, వచ్చిన చేత్తో విట్మర్‌కీ వేశారు. ప్రపోజల్ 3 దాదాపు 57 శాతంతో గెలిచింది. 1972లో నూటికి 61 మంది వద్దన్న చోటే! విట్మర్ పది శాతం పైగా ఆధిక్యంతో గెలిచింది, దాదాపు నలభై ఏళ్ళలో మొదటిసారి రెండు సభలూ గవర్నర్ పదవీ కలిపి డెమోక్రాట్ల చేతికొచ్చాయి. ఓటేసి బయటికొచ్చిన వాళ్ళని మీ ఓటుకి ముఖ్యమైన విషయమేదని అడిగితే దేశం మొత్తమ్మీద ధరలు అన్నవాళ్ళు 31 శాతం, అబార్షన్ అన్నవాళ్ళు 27. మిషిగన్‌లో అబార్షన్ అన్నవాళ్ళు 45. మన దగ్గర ఆ ప్రశ్న కాగితం మీదే ఉంది కదా.

ఇది చూసి డెమోక్రాట్లు మురిసిపోయారు. ప్రతి రాష్ట్రంలోనూ ఇది పెడితే మనవాళ్ళు ఒడ్డున పడతారనుకున్నారు. అదే రోజు కెంటకీలో ఏం జరిగిందో చూడలేదు. అక్కడ అబార్షన్ హక్కు లేదని రాసుకుందామంటే 52 శాతం వద్దన్నారు. అదే ఓటర్లు, అదే కాగితం, అబార్షన్‌ని ఆపాలనే రాండ్ పాల్‌ని భారీ మెజారిటీతో మళ్ళీ సెనేట్‌కి పంపారు. నేను ఆ రోజే మీ నాన్నతో అన్నాను, ఇది రెండు వైపులా పదునున్న కత్తి అని.

ఒహాయో కథ మీ మావయ్య వాళ్ళు కొలంబస్‌లో ఉండి చూసిందే. అక్కడ 2023 నవంబర్లో అబార్షన్ హక్కు కోసం ఇష్యూ 1 అనే ప్రపోజల్ వస్తోందని తెలిసి, రాజ్యాంగం మార్చాలంటే ఇకనుంచి 60 శాతం రావాలని ఆగస్టులో ఓటు పెట్టారు. ఆగస్టులో ఎవరూ రారు, డబ్బు దండగ అని ఆ మధ్యనే అక్కడి శాసనసభే ఆగస్టు ఎన్నికల్ని చాలామటుకు ఎత్తేసి, మళ్ళీ తనే పెట్టింది. ముప్ఫై లక్షల మందికి పైగా వచ్చి 57 శాతం వద్దన్నారు. నవంబర్లో మళ్ళీ 57 శాతానికి దగ్గరగా అబార్షన్ హక్కుకి ఎస్ అన్నారు. ఇంత జరిగిన ఒహాయోలో ఏడాది తిరగ్గానే, ఆ హక్కు కోసం నిలబడ్డ సెనేటర్ షెరాడ్ బ్రౌన్ ఓడిపోయాడు. జనం హక్కు తీసి జేబులో పెట్టుకున్నారు, మనిషిని ఇంటికి పంపారు.

2024లో పది రాష్ట్రాల్లో అబార్షన్ హక్కు ప్రపోజల్ పెట్టారు, ఏడింట్లో గెలిచింది. అరిజోనా తీసుకో. ఆ ఏడాది ఏప్రిల్లో వాళ్ళ కోర్టు 1864 నాటి చట్టం చెల్లుతుందంది, అరిజోనా రాష్ట్రమే కాని రోజుల చట్టం అది. గగ్గోలు పుట్టింది, మే నెలలో రద్దు చేశారు. నవంబర్లో 61 శాతానికి పైగా హక్కుకి ఓటేశారు, ట్రంప్‌నీ గెలిపించారు, సెనేట్‌కి మాత్రం డెమోక్రాట్ గయేగోని పంపారు. మిస్సోరీలో 51.6 శాతంతో హక్కు గెలిచింది, ట్రంప్‌కి 58 దాటింది. మోంటానాలో 57 దాటింది, డెమోక్రాట్ టెస్టర్ ఓడిపోయాడు. ఫ్లోరిడాలో 57 వచ్చి కూడా పోయింది, అక్కడ 60 రావాలి. నూటికి 57 మంది కావాలన్నది చట్టం కాలేదు చూడండి, అది తలుచుకుంటే నాకింకా కడుపు మండుతుంది. సౌత్ డకోటాలో సూటిగానే ఓడిపోయింది. అన్నిచోట్లా గెలుస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మన మిషిగన్‌లో 2024లో ప్రపోజలే లేదు. 2022లోనే రాజ్యాంగంలో రాసేసుకున్నాం కదా, జనానికి ఆ భయం తీరింది. గుడ్ల ధర, ఇంటి అద్దె, సరిహద్దు, గాజా, ఇవి ముందుకొచ్చాయి. ట్రంప్ 80 వేల ఓట్లతో గెలిచాడు, డెమోక్రాట్ స్లాట్‌కిన్ చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు సెనేట్‌కి వెళ్ళింది, రాష్ట్ర ప్రతినిధుల సభ డెమోక్రాట్ల చెయ్యిజారింది. రాష్ట్రాలకే వదిలేద్దామని ట్రంప్ అన్నదీ దానికి సాయపడింది. మా రాష్ట్రంలో మేం చూసుకున్నాంలే అనుకున్న ఆడమనిషికి ఆయనకి ఓటెయ్యడానికి ఆ అడ్డు లేకుండా పోయింది. శ్రావణీ, నేను చూసింది ఇది. హక్కు పోతుందన్న భయం వాకిట్లో ఉండి, ఆ కుర్చీలో కూర్చునేవాడు దాన్ని ఆపగలడు లేదా లాక్కోగలడు అని నమ్మిన చోట ప్రపోజల్ మనిషిని కూడా లాక్కొస్తుంది. ఆ నమ్మకం లేనిచోట అది ఒంటరిగా గెలిచి వెళ్ళిపోతుంది.

ఇంకో మాట. ఈ దారి అందరికీ లేదు. దాదాపు సగం రాష్ట్రాల్లో జనం సంతకాలతో చట్టం తెచ్చుకునే వీలే లేదు. టెక్సాస్‌లో లేదు, జార్జియాలో లేదు. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళెంతమంది! మొన్న తానా సభల్లో కలిసిన పిల్ల ఒకతి చెప్పింది, హెచ్4 వీసా మీద ఉంది, నెల తప్పింది, ఏదైనా తేడా వస్తే ఏ రాష్ట్రానికి పోవాలో ముందే భర్తా తనూ కారు దారి చూసి పెట్టుకున్నారట. ఆ పిల్లకి ఓటూ లేదు, అడిగే ప్రపోజలూ లేదు. గ్రీన్ కార్డు లైనులో ఇంకెన్నేళ్ళుంటుందో. మీరిద్దరూ ఇక్కడ పుట్టారు, మీకు ఓటుంది. నాతో ఈ మంట దగ్గర కూచున్నందుకు నేను అడిగేది అదే, వదిలిపెట్టకండి.

ఇది అయిపోయిన కథ కాదు. నెవాడాలో 2024లో 64 శాతం వచ్చినా, రెండుసార్లు గెలిస్తే గానీ రాజ్యాంగంలోకి ఎక్కదు, 2026లో మళ్ళీ వెయ్యాలి. మిస్సోరీలో జనం గెలిపించుకున్నదాన్ని తీసెయ్యాలని అక్కడి శాసనసభ 2026 నవంబర్‌కి కొత్త ఓటు పెట్టింది. సెయింట్ లూయిస్‌లో ఉన్న మీ పిన్నిని ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పాలి. అలవాటు చొప్పున ఎస్ కొట్టేసి వచ్చేస్తుంది అది. 2024లో హక్కు కావాలంటే ఎస్ అన్నారు. ఈసారి ఎస్ అంటే హక్కు పోతుంది, నో అనాలి. కాన్సాస్‌లోనూ ఓటుకి ముందు రోజు జనాల ఫోన్లకి తప్పుడు మెసేజ్‌లు పంపారు, హక్కు కాపాడాలంటే ఎస్ వెయ్యమని. శ్రావణీ, రేపు పిన్నికి వీడియో కాల్ కలిపి ఆ బ్యాలెట్ మీది వాక్యం మొత్తం గట్టిగా చదివించు. నేనూ పక్కనే ఉంటాను.